మైకులో అమ్మ గొంతు

చచ్చిపోయిన తన తల్లి మైకులో ఏడ్చిందని చెప్పి జానో బిరులి కుర్చీ అంచున కూర్చుండిపోయింది. డిటెక్టివ్ సీతారామరావు మంచినీళ్ళిచ్చి, ఆమె తాగేదాకా ఆగాడు. అసిస్టెంటు ఆదిబాబుకు అంత ఓపిక ఎక్కడిది? దయ్యాల కేసు కాబోలని వాడికి లోలోపల ఒకటే సంబరం. ఆ సంబరానికి తర్వాత వాడే సిగ్గుపడ్డాడు.

జానోది హో అనే ఆదివాసీ తెగ. నర్సు పని. బిర్సానగర్‌లో తెలుగువాళ్ళ పక్కన ఏళ్ళ తరబడి అద్దెకుంటోంది కనుక మన ఉత్తరాంధ్ర మాట ఆమెకు చక్కగా పట్టుబడింది. హో భాష మీద పరిశోధన చేస్తున్న అనంతకృష్ణను చాయిబాసా అవతల తమ ఊరికి తీసుకెళ్ళింది తనేనట. పోయిన కొడుకు కోసం తల్లి ఏడ్చిన ఏడుపును ఆయన టేపు మీదికి ఎక్కించాడు. తనను అడక్కుండా ఎవరికీ వినిపించవద్దనీ, తాను పోతే కూతుర్ని అడగాలనీ తల్లి మాట తీసుకుంది. మొన్న చలికాలంలో ఆవిడా పోయింది. ఇక ఈ తొంభై ఎనిమిది ఉగాదికి, టెల్కో ఫ్యాక్టరీ కాలనీ తెలుగువాళ్ళ సభలో, ఆడపిల్లలు గజ్జెలు కట్టుకుని ఆ ఏడుపుకే ఆడారు. వసంత గీతమని ప్రకటించారట. అటుగా పోతున్న జానో ఊరి మనిషి విన్నాడు.

“నానే అమ్మ ఏడుపు అమ్ముకున్నానంటన్నారు సార్. నిజం తేలీదాకా ఊళ్ళో అడుగెట్టొద్దన్నారు. అమ్మ పేరున గురుతు రాయి నిలబెట్టీ రోజుకి కూడా” అంది జానో.

సీతారామరావు ముందు సభ కార్యదర్శి హరిప్రసాద్‌ను పట్టుకున్నాడు. పిల్లల కోసం ఎవరెవరో ఇచ్చిన పాత డ్యాన్సు క్యాసెట్లలో అదీ వచ్చిందనీ, ఎవరిచ్చారో గుర్తులేదనీ హరిప్రసాద్ నెత్తి గోక్కున్నాడు. ఆ క్యాసెట్ తెచ్చి సీతారామరావు మళ్ళీ మళ్ళీ విన్నాడు. ఏడుపు వెనకాల ఫ్యాక్టరీ భోంపూ, అదే సైరన్, మోగింది. ఆ తర్వాత కుక్కర్ కూత. క్యాసెట్ తిరగేస్తే, నవ్వుతూ తకధిమి లెక్కపెడుతున్న ఒక ఆడపిల్ల గొంతు. మీ ఊళ్ళో భోంపూ వినిపిస్తుందా అని జానోను అడిగితే, రైలు కూతే వినపడదంది.

అనంతకృష్ణ దగ్గర పనిచేసే నితిన్ దూరంగా మాంగో అనే పేటలో గది తీసుకుని మెస్సులో తింటాడు. కాపీలన్నీ ఆఫీసులో రెండు క్యాసెట్ల మిషను మీదే తీస్తామనీ, అందులో బయటి చప్పుడు పడదనీ హిందీలో చెప్పాడు. అనంతకృష్ణ టెల్కో కాలనీ క్వార్టర్లోనే ఉంటాడు. మాటలు రాసుకోవడానికి అప్పుడప్పుడు టేపు ఇంటికి తెచ్చేవాడినని ఒప్పుకున్నాడు. ఆయన భార్య కుసుమకుమారి టీ ఇచ్చి తలెత్తకుండా లోపలికెళ్ళింది. గోడ మీద నాట్యం దుస్తుల్లో ఒక అమ్మాయి ఫోటో, దానికి దండ.

ఆదివారం అందరినీ ఆ ఇంటి ముందుగదిలోనే కూర్చోబెట్టాడు సీతారామరావు. కేసు తేల్చేటప్పుడు ఆయన గొంతులో ఉండే హుషారు ఆ రోజు లేకపోవడం ఆదిబాబు గమనించాడు.

మిషను మీద తీసిన కాపీలో భోంపూ ఉండదన్నాడాయన. టేపు మోగుతుంటే ఎదురుగా ఇంకో టేపురికార్డరు పెట్టి, వంటింటి పక్కన, ఫ్యాక్టరీ దాపుల ఇంట్లో పట్టిన కాపీ ఇది. మెస్సులో తినే నితిన్‌కు కుక్కరెక్కడిది? పైగా ఇది డ్యాన్సు నేర్చుకునే పిల్ల క్యాసెట్. టేపూ, ఆ పిల్లా ఉన్న ఇల్లు ఒక్కటే.

“నేనే” అంది కుసుమకుమారి. “మా అమ్మాయి సాహిత్య పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదండీ. ఆవిడ గొంతు విన్నాకే వచ్చింది. ఇంట్లో ఖాళీ క్యాసెట్ లేక, పిల్ల క్యాసెట్ రెండో వైపు పట్టుకున్నాను. ఎవరికీ ఇవ్వలేదు.”

“మీరు కాకపోతే, ఇచ్చింది మీవారే” అన్నాడు సీతారామరావు మెల్లగా.

అనంతకృష్ణ ఒప్పుకున్నాడు. భార్య దుఃఖం చూడలేక పిల్ల క్యాసెట్లన్నీ సంచీలో వేసి సభకిచ్చింది ఆయనే. రెండో వైపు ఏముందో చూడలేదు. తనే ఊరికి వచ్చి, తప్పు తనదని పెద్దల ముందు చెబుతానన్నాడు. ఆదిబాబు కళ్ళు తుడుచుకున్నాడు.

కుసుమకుమారి సీతారామరావు దగ్గరున్న క్యాసెట్ తీసుకుని జానో చేతిలో పెట్టింది. జానో రెండు వైపులా చూసి, తిరిగి ఆమె చేతికే ఇచ్చింది. అమ్మ వైపు చెరిపేసి, పాప గొంతు దాచుకోమంది. అప్పుడు అనంతకృష్ణను అసలు టేపు అడిగింది.

 అసలుది ఢిల్లీలో ఇలాంటి టేపులు దాచే సంస్థకు వెళ్ళిపోయిందన్నాడాయన. అక్కడి నుంచి కాపీలు విదేశాల లైబ్రరీలకూ వెళ్ళాయట. అంతా నిబంధనల ప్రకారమే, ఆయన సంతకం మీదే. ఇప్పుడు వెనక్కి అడిగినా ఇవ్వరు. అందులో దొంగతనమేమీ లేదు గనుక సీతారామరావు పట్టుకోవడానికీ ఎవరూ లేరు.

జానో కోప్పడలేదు. ఏడవనూ లేదు.

“అది పాట కాదు సార్. పోయిన మా తమ్ముణ్ణి పేరెట్టి ఇంటికి రమ్మని పిలవడం. ఇన్ని ఊళ్ళల్లో అమ్మ పిలుత్తంటే, ఆడు ఏ ఇంటికని వత్తాడు?”