వేడినీళ్లు అయిపోతున్నాయి

మా ఆయన వాళ్ల అక్క మా ఇంటికి వచ్చినప్పటినుంచీ నా వంతుకి వేడినీళ్లు మిగలడం మానేశాయి. పొద్దున్నే కుళాయి తిప్పితే కాసేపు గోరువెచ్చగా వచ్చి, ఆ తర్వాత మంచులా జివ్వుమనేవి. బాత్రూం అద్దానికి మాత్రం అప్పటికే ఆవిరి పట్టి ఉండేది.

మా ఆయన క్యాంపుకి వెళ్లారు. ఇంట్లో ఉన్నది నేను, వదిన. ఆ నీళ్లు ఇంకెవరు వాడేస్తారు?

"నాకంటే ముందే స్నానం కానిచ్చారా వదినా?" అని నవ్వుతూనే అడిగాను.

"పొద్దెక్కితే గానీ నేను మంచం దిగనని నీకు తెలుసుగా," అంది నావైపు అదోలా చూస్తూ.

నమ్మలేదు. దండెం మీద ఆవిడ తువ్వాలు తడిమి చూసేదాన్ని. పొడిగా ఉండేది. ఇంకోటి ఎక్కడో దాచి ఉంటుందిలే అనుకునేదాన్ని. మా మధ్య మాటలు తగ్గాయి, గిన్నెల చప్పుడు పెరిగింది.

చివరికి మెకానిక్‌ని పిలిచాను. ఎండ ఉండగానే వచ్చాడు. మెయిన్ ఆపి, స్టూలెక్కి, గీజర్ మూత విప్పి మీటర్ పెట్టాడు. మళ్లీ పెట్టాడు.

"నీళ్లు కాచే ఎలిమెంట్ తెగిపోయిందమ్మా."

కొత్తది అంటగట్టే ఎత్తేమో అనిపించింది. "మరి రోజూ వేడినీళ్లు వస్తున్నాయిగా?"

"దీన్లోంచా? భలేవారే!" అంటూ గొట్టం మీద చెయ్యేశాడు. చురుక్కుమన్నట్టుంది, చటుక్కున తీసేశాడు. ఆ తర్వాత నవ్వలేదు.

బాత్రూంలోకి నీళ్లొచ్చే వాల్వు కట్టేసి, గీజర్ ట్యాంకు ఆఖరి చుక్కదాకా ఖాళీ చేసి, ఎలిమెంట్ బయటికి లాగాడు. తెగినచోట కూడా సున్నం గడ్డకట్టి ఉంది.

"ఇది పోయి ఏళ్లయింది," అన్నాడు మెల్లగా. "కొత్తది తెస్తాను, ఉండండి."

అతను వెళ్లాక ఇల్లంతా చడీచప్పుడూ లేదు. ఫ్యాను కూడా లేదు. హాల్లో నేనూ వదినా ఎదురెదురుగా కూర్చున్నాం, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా. ఉన్నట్టుండి ఏదో సబ్బు వాసన. నాది కాదు. ఆవిడదీ కాదు.

తర్వాత నీళ్ల చప్పుడు.

"కుళాయి కట్టలేదా?" అంది వదిన.

"ట్యాంకులో చుక్క లేదుగా..."

అది నేలమీద పడే చప్పుడు కాదు. ఒంటిమీద పడే చప్పుడు. ఒక చెంబు... కాస్త ఆగి, ఇంకో చెంబు...

లేచి చూశాం. తెరిచే వదిలిన బాత్రూం తలుపు మూసి ఉంది. కింది సందులోంచి ఆవిరి బయటికి పాకుతోంది. వదిన నా చెయ్యి పట్టుకుంది.

"ఇన్నాళ్లూ నువ్వే అనుకున్నానే..." అని గుసగుసలాడింది. "రోజూ నీ తువ్వాలు తడిమి చూసేదాన్ని..."

"నేనూ..."

లోపల నీళ్లు ఆగిపోయాయి. మేం మాట్లాడుకుంటుంటే వింటున్నట్టు.

వీధి తలుపు దబదబా మోగింది. ప్రాణం లేచొచ్చినట్టయింది. మెకానిక్కే. మేం చెప్పేది సగం వింటూనే వెళ్లి బాత్రూం తలుపు నెట్టాడు. తేలిగ్గా తెరుచుకుంది. లోపల ఎవరూ లేరు. ట్యాంకు నుంచి వైర్లు వేలాడుతున్నాయి, అంతే.

మేం బాత్రూం గుమ్మం దగ్గరే నిలబడ్డాం. అతను గబగబా కొత్త ఎలిమెంట్ బిగించి, వైర్లు కలిపి, నీళ్లు వదిలి, హాలు చివరున్న మెయిన్ బోర్డు దగ్గరికి వెళ్లాడు. స్విచ్చి మీద వేలు పెట్టి మావైపు తిరిగాడు.

"కరెంటు వేస్తున్నానమ్మా, కాస్త ఇవతలకి రండి. మీ వెనకాల ఉన్నావిడని కూడా రమ్మనండి. ఒళ్లంతా కారుతోంది, ఆ తడికాళ్లతో అక్కడుంటే షాక్ కొడుతుంది."

వదిన వేళ్లు నా చేతిలో బిగుసుకున్నాయి. ఇద్దరం వెనక్కి తిరగలేదు.

నా మెడ మీద ఒక చుక్క పడింది.

వేడిగా...