గుట్టకు మొదటి బిందె

జ్యోత్స్న ఇత్తడి బిందెకు చింతపండు పిప్పి పట్టించి రుద్దుతోంది. తోమినవి రెండు బోరింగు పక్కన బోర్లించి ఉన్నాయి. అప్పుడే ఒక బైకు సర్రున వచ్చి, వాటిలో ఒకదాన్ని ముందు చక్రంతో తన్ని ఆగింది. బిందె ఠంగుమని దొర్లి బురదలో పడింది.

"అయ్యో, సారీ! చూసుకోలె."

"చూసుకోనిది బిందెనా, బ్రేకునా?" అంది తలెత్తకుండా.

అతను దిగి బిందెను ఎత్తి, చొక్కా అంచుతో తుడవబోయి ఆగిపోయాడు. తెల్ల చొక్కా. ఒక్క క్షణం ఆలోచించి తుడిచేశాడు. బిందె పొట్టకు చిన్న సొట్ట పడింది.

అతనెవరో జ్యోత్స్నకు తెలుసు. హరిలాల్ కొడుకు శ్రీధర్. హరిలాల్ కొత్తగూడెం బొగ్గు గనిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాడు. దసరాకల్లా క్వార్టర్ ఖాళీ చేయాలి. అందుకే పినపాక పక్కనున్న సొంత తండాకు తిరిగొస్తున్నారు. వాళ్లకు ఇక్కడ రెండు ముక్కల భూమి ఉంది. ఒకటి గుట్ట మీద, ఒకటి కింద వాగు పక్క చదునులో. ఇల్లు ఎక్కడ కడతారన్నదే వారం నుంచి తండాలో మాట.

"గుట్ట మీదనే కడ్త," అన్నాడు శ్రీధర్, అడగకపోయినా. "పైకెక్కితే గోదారి మొత్తం కనబడ్తది. ఏం వ్యూ! సిగ్నల్ గూడ ఫుల్లు."

"దూపైతే వ్యూ తాగుతవా?"

"ఏంది?"

"బోరింగు కింద ఉన్నది. ఇల్లు పైన అంటున్నవ్. నీళ్లెట్ల?"

"మణుగూరుల మోటార్ వైండింగ్ షాపు నాది. మోటార్లు నా మాట ఇంటయ్. పైపేస్త, స్విచ్ కొడ్త."

"గాలికి తీగ తెగితే ఈడ నాలుగొద్దులు కరెంటుండదు. అప్పుడెవరి మాట ఇంటయ్?"

"అప్పుడు నేనే మోస్త."

జ్యోత్స్న సొట్టబోయిన బిందెను కడిగి, నింపి, అతని ముందు పెట్టింది.

బోరింగు దగ్గరున్న ఆడవాళ్లందరూ చూస్తున్నారు. శ్రీధర్ బిందె భుజానికెత్తాడు. మొదట్లో బాగానే నడిచాడు. గుట్ట మొదట్లో రాళ్లు మొదలయ్యాక కుడివైపు ఒరిగాడు, తర్వాత ఎడమవైపు. అతను తిరిగొచ్చేసరికి చొక్కా పిండితే ఇంకో బిందె నిండేలా ఉంది.

"పైకి ఎంత చేరింది?"

"సగం."

ఆమె చూపు కదపలేదు.

"పావు," అన్నాడు. "మిగిలినదానితోటి నేనే తానం చేసిన."

జ్యోత్స్నకు నవ్వొచ్చింది. "గుట్ట మీది ఇంటికి నేనైతే ఒక్క బిందె గూడ మొయ్య తల్లీ!" అంది పక్కనున్న అమ్మతో. అమ్మ గోరి పకపకా నవ్వింది. సాయంత్రానికి ఆ మాట తండా అంతా తిరిగింది.

ఆ తర్వాత రెండు వారాలు శ్రీధర్‌కు తండాలో ఏదో ఒక పని తగులుతూనే ఉంది. ఒకరోజు జంపక్క వాళ్ల మోటారు కాలింది. ఇంకోరోజు జ్యోత్స్న నాయిన దేవ్లా మోటారు మూలిగింది. మూలగని మోటార్లను కూడా అతను విప్పి చూశాడు.

"బంగారమసొంటి పిలగాడు," అన్నాడు దేవ్లా.

మధ్యాహ్నం దాటాక బైకు చప్పుడు కోసం చెవి దానంతటదే అటు తిరగడం జ్యోత్స్న గమనించింది.

బుధవారం గోరి కబురు తెచ్చింది. "ఎల్లుండే ఇంటికి ముగ్గు పోస్తున్నరట. గుట్ట మీద కాదంట. కింద వాగు పక్కన."

జ్యోత్స్న చేతిలో చాట ఆగిపోయింది. శ్రీధర్ కనబడగానే ఎదురెళ్లి అడిగింది.

"చదునుల ఎందుకు కడ్తున్నవ్?"

"ఎవరో ఒక్క బిందె గూడ మొయ్యనన్నరు కద," అన్నాడు ఆమెనే చూస్తూ. "అయినా మంచి జాగ. వాగొడ్డు తుమ్మచెట్ల నిండ పిట్టగూళ్లే. శకునం గూడ బాగుంది."

ఒక పక్క సంతోషం పొంగింది. ఇంకో పక్క భయమేసింది. తను సరదాకన్న మాట పట్టుకుని ఈ మనిషి పోయి పోయి అక్కడ ఇల్లు కడుతున్నాడు.

"రేపు వాగు పక్క మా మేకలు మేసే కాడికి రా," అంది. "మబ్బు పట్టంగనే రా."

మరునాడు మధ్యాహ్నం మబ్బు కమ్మింది. శ్రీధర్ రెయిన్‌కోటు తొడుక్కుని వచ్చాడు. మేకలు చదునులో మేస్తున్నాయి. జ్యోత్స్న తుమ్మచెట్టు కిందికి నడిచి, తలపైన కొమ్మల్లోకి వేలు చూపించింది.

"ఇవేనా నువ్వన్న పిట్టగూళ్లు?"

"అవ్."

"ఒక్క పిట్టన్న కనబడ్డదా?"

శ్రీధర్ తలెత్తి పరీక్షగా చూశాడు. కొమ్మల్లో ఇరుక్కున్నది వరిగడ్డి, చితుకులు, ఒక పాత చెప్పు.

"గోదారి నిండితే వాగు నీళ్లకు పొయ్యే దారుండదు. ఎనక్కి తంతయ్. గా చెప్పు ఉన్నకాడికి వచ్చినయ్ నీళ్లు."

అతను చెప్పును చూశాడు. తన ఎత్తును చూసుకున్నాడు. చెప్పు అతనికంటే మూరెడు పైన ఉంది.

టపటపా చినుకులు మొదలయ్యాయి. ముసలి మేక ఒకటి తలెత్తి వాసన చూసి గుట్ట వైపు నడిచింది. మిగతావన్నీ దాని వెనకే. వాటి వెనక వీళ్లిద్దరూ. మేకలు కొసకు ఎక్కలేదు. గుట్ట నడుము దగ్గర, పెద్ద బండ చాటున, చాప పరిచినట్టు చదునుగా ఉన్న చోట ఆగి పడుకున్నాయి. కింద ఎర్ర మొరం. పడ్డ నీళ్లు పడ్డట్టే జారిపోతున్నాయి.

"పైన గాలికి రేకులు నిలవయ్. కింద నీళ్లు. చిన్నప్పటి సంది చూస్తున్న, ఎంత వానైనా ఇవి ఈడనే పంటయ్. ఇది గూడ మీ భూమే."

"అంటే మా ఇంటికి జాగ మేకలు సెలెక్ట్ చేసినయ్."

"వాటికి నీకంటే ఎక్స్‌పీరియన్స్ ఎక్కువ."

"మరి మొదటిరోజే చెప్పొద్దా?"

"నువ్వు అడిగినవా? వ్యూ, సిగ్నల్ అన్నవ్."

ఇద్దరూ నవ్వారు. వాన బండ మీద పడి వాళ్ల మీదికి చిట్లుతోంది. శ్రీధర్ రెయిన్‌కోటు విప్పి ఆమె తలపై కప్పాడు. కాసేపటికి మెల్లగా అన్నాడు.

"కానీ ఇది గూడ గుట్టే కద. నువ్వు మొయ్యనంటివి. ఇల్లు అమ్మానాయినకే అయితే ఎక్కడన్న కడ్త. నిన్ను గూడ కలుపుకొని లెక్కేసిన. అందుకే అడుగుతున్న."

పక్కనున్న మేక తుమ్మింది.

"రేపు ముగ్గు పోసే టయానికి తెలుస్తది," అని జ్యోత్స్న లేచింది.

శుక్రవారం పొద్దున హరిలాల్ మోకాళ్లు పట్టుకుంటూనే, శ్రీధర్ చెప్పిన ఆ మేకల చోటు దాకా ఎక్కి దిగొచ్చాడు. తర్వాత అందరూ దేవ్లా ఇంట్లో కూర్చున్నారు.

"నడుమల రెండుసార్లు కూసున్న, గంతే," అన్నాడు హరిలాల్. "గని ఎక్కి దిగినోనికి ఇదొక గుట్టనా? జాగ ఖాయం."

అతని భార్య సోమ్లి చాయ్ గ్లాసు కింద పెట్టింది. "మా అత్త ఒక మాట చెప్పేది. ముగ్గు కాడ చల్లే మొదటి బిందె ఆ ఇంట్ల బతికే ఆడమనిషే మోసుకురావాలెనట."

"నువ్వున్నవ్ కద వదినా," అంది గోరి.

"నాకు నడుము ఏడున్నది గోరీ? ఇంకెవరన్న ఉన్నరేమో మీరే చూడాలె." సోమ్లి ఏమీ ఎరగనట్టు తలెత్తి ఇంటి వాసాలు చూడటం మొదలుపెట్టింది.

దేవ్లా గొంతు సవరించుకున్నాడు. "పిలగాడు మాకు నచ్చిండు. కానీ నా బిడ్డ గుట్టకు ఒక్క బిందె మొయ్యనన్నది. తండ మొత్తం ఎరికే. నేనైతే బలవంతం చెయ్య. దాని ఇష్టం."

శ్రీధర్ తన కాలి బొటనవేలినే చూస్తున్నాడు.

జ్యోత్స్న గోడవార నుంచి లేచింది. గడప పక్కన సొట్టబోయిన ఇత్తడి బిందె ఉంది. తెల్లారకముందే తోమి నింపి పెట్టినట్టుంది, తళతళలాడుతోంది. అది చూసి గోరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

జ్యోత్స్న తలమీద బట్ట చుట్ట పెట్టుకుంది. ఒక్క ఊపులో బిందె ఎత్తుకుంది. ఎవరి వైపూ చూడకుండా, చుక్క తొణకకుండా గడప దాటి గుట్ట దారి పట్టింది.