పైడిరత్నం మోకాలి పట్టీలు

మూడోసారి కూడా పైడిరత్నం మోకాళ్లు బిగుసుకుపోయాయి. కోడిగుడ్డు ఆకారపు బంతిని గుండెకి హత్తుకుని ముందుకు తూలింది.

"మళ్లీ కళ్లు దించావు," అంది డాక్టర్ హైమవతి, లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా.

2043 నాటికి అమెరికన్ ఫుట్‌బాల్‌కి మన దేశంలో ఆడవాళ్ల లీగ్ ఉంది. ఆ ఆటలో జట్టుని నడిపేది క్వార్టర్‌బ్యాక్. బంతి ముందు ఆమె చేతికే వస్తుంది. ఎదుటివాళ్లు మీద పడేలోగా, దూరంగా పరిగెడుతున్న తనవాళ్లలో ఎవరు ఖాళీగా ఉన్నారో చూసి విసరాలి. లేదా తనే పరిగెత్తాలి. కాకినాడ క్వార్టర్‌బ్యాక్ పైడిరత్నానికి ఆ రెండోదే వచ్చు. రెండు సీజన్లు ఆమె ఎవరికీ దొరకలేదు. మూడో సీజన్‌లో అందరూ ఆమె కాళ్లనే కాపు కాశారు. జట్టు వరసగా ఐదు మ్యాచ్‌లు ఓడింది. యాజమాన్యం ఇంకొకరిని వెతుకుతోందని తెలిసి, కోచ్ సాల్మన్ ఆమెను ఈ ల్యాబ్‌కి తీసుకొచ్చాడు.

హైమవతి తయారుచేసిన యంత్రం చిన్నదే. హెల్మెట్‌లోని కెమెరా కనుపాపల్ని గమనిస్తుంది. తనవాళ్లలో కనీసం ముగ్గుర్ని చూడకుండా చూపు నేలకి దిగితే, మోకాలి పట్టీల్లోని ద్రవం అర సెకను రాయిలా గట్టిపడుతుంది. కాలు కదలదు.

"భయమేస్తే కళ్లు వాటంతటవే దిగిపోతున్నాయి మేడమ్."

"భయం పోగొట్టడం నా వల్ల కాదు, రత్నం. భయపడుతూనే చూడటం నేర్పగలను."

మొదట్లో ముగ్గుర్ని చూడటానికి ఆమెకి నాలుగు సెకన్లు పట్టేది. రెండు నెలలకి రెండున్నర. నాలుగో నెలలో వెనక్కి వేసిన పాదం నేలకి ఆనేసరికి బంతి చెయ్యి దాటిపోయేది. మ్యాచ్‌ల్లో పట్టీలు నిషేధం. తర్వాతి సీజన్‌లో అవి లేకుండానే జట్టుని ఫైనల్‌కి తెచ్చింది.

ఫైనల్లో ఎనిమిది సెకన్లు మిగిలాయి. కాకినాడ నాలుగు పాయింట్లు వెనకబడి ఉంది. బంతిని చివరి గీత దాటిస్తే ఆరు పాయింట్లు. ఆ గీత పన్నెండు గజాల దూరం.

బంతి చేతికొచ్చింది. బంతి అందుకోవాల్సిన తనవాళ్లలో మొదటామె చుట్టూ ఇద్దరున్నారు. రెండో ఆమెని కదలనివ్వడం లేదు. మూడో ఆమె కింద పడిపోయింది. సరిగ్గా ఎదురుగా మాత్రం గీతదాకా ఖాళీ.

"పరిగెత్తు, రత్నం," అని సాల్మన్ గట్టు మీంచి అరుస్తున్నాడు.

ఆమె కదల్లేదు. ఎడమవైపు నుంచి ఇద్దరు దూసుకొచ్చారు. మొదటామె అప్పుడే గీత అవతలి మూలకి తిరిగింది. బంతి మూడు జతల చేతుల మీదుగా వెళ్లి ఆమె ఒళ్లో పడింది. పైడిరత్నం మనుషుల కింద నలిగిపోతూ స్టేడియం హోరు వింది.

ఎంత నిబ్బరం, ఎంత నిగ్రహం, అని టీవీల్లో అదే మాట. మర్నాడు పొద్దున్న హైమవతి ఆమెను ఖాళీ మైదానానికి తీసుకెళ్లింది.

"నిన్న ఎదురుగా ఉన్న ఖాళీ దారి కనబడలేదా?"

"కనబడింది మేడమ్. పరిగెడదామనే అనుకున్నాను. కాళ్లు రాలేదు. ఏం చెయ్యాలో తెలీక విసిరేశాను."

హైమవతి మైదానం చివరికి చెయ్యి చూపించింది. "బంతి లేదు, ఎదుటివాళ్లు లేరు, పట్టీలూ లేవు. ఆ గోల్‌పోస్ట్ దాకా వెళ్లిరా."

పైడిరత్నం నాలుగడుగులు పరిగెత్తి ఆగింది. ఎడమకి చూసింది, మధ్యకి, కుడికి. మళ్లీ నాలుగడుగులు. మళ్లీ ఆగింది.

అంతలో సాల్మన్ ఫోన్ పట్టుకుని వచ్చాడు. "లీగ్ అకాడమీ వాళ్లు ఈ పట్టీలు రెండొందల జతలు అడుగుతున్నారు డాక్టర్‌గారూ. పధ్నాలుగేళ్ల పిల్లలకి. ఏ హానీ లేదని సాయంత్రంలోగా మీరు సంతకం పెట్టాలట."

హైమవతి పైడిరత్నం వైపు చూసింది. "ఏం రాయమంటావు?"

"సంతకం పెట్టండి మేడమ్. ఆ పట్టీలే లేకపోతే నన్ను ఎప్పుడో ఇంటికి పంపేసేవారు."

"వాళ్లకీ ఇలాగే అయితే?"

"గెలుస్తారు కదా," అంది పైడిరత్నం, అక్కడే గడ్డిలో కూర్చుంటూ. "నన్ను మాత్రం ఇంకోసారి పరిగెత్తమనకండి. ఎవరైనా చూస్తారు."