అమ్మమ్మ జట్టు

బయట మంచు పడుతోంది. కేశవరావు కాఫీ గ్లాసు పట్టుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు. ఎదురుగా కిటికీ అద్దానికి కాగితం మంచుపూలు అంటించి ఉన్నాయి. మనవరాలు నిధి నిన్న సాయంత్రమంతా కత్తెర పట్టుకుని కూర్చుని చేసినవి. వాటి మధ్యలో ఓ మూడు పాతవి ఉన్నాయి. అవి మంచుపూలలా లేవు. మెలికల ముగ్గుల్లా ఉన్నాయి.

"అవి అమ్మమ్మవి. డోంట్ టచ్ తాతయ్యా," అంది నిధి, పాలు పోసిన సీరియల్ గిన్నెలోంచి తలెత్తకుండానే.

"నేను ముట్టుకోలేదుగా."

"చూస్తున్నావ్ కదా. నెక్స్ట్ ముట్టుకుంటావ్."

నిధికి తొమ్మిదేళ్లు. తాత మీద దానికి నమ్మకం లేదు. పరిచయమే మూడు వారాలది.

కేశవరావు అమెరికాకి, ఈ ట్రాయ్ ఊరికి రావడం ఇదే మొదలు. భార్య కృష్ణకుమారి పోయి ఏడాదిన్నర అయింది. ఆవిడ బతికుండగా ఈ ఇంటికి మూడుసార్లు వచ్చింది. నిధి పుట్టినప్పుడు ఒకసారి, తర్వాత రెండుసార్లు. మూడుసార్లూ ఒంటరిగానే వచ్చింది. కూతురు హాసిని, అల్లుడు తేజేశ్వర్ ఇద్దరికీ కలిపి టికెట్లు తీస్తామన్నా కేశవరావు కదల్లేదు. తెనాలి దగ్గర పల్లెలో ఎరువుల కొట్టు ఆయనది. కొట్టు ఎవరు చూస్తారనేవాడు. ఆవిడ ఇక్కడున్నన్నాళ్లూ ఫోన్ చేసి, పనిమనిషి పెట్టే కాఫీ బాగాలేదని చెప్పేవాడు. నువ్వేం చేస్తున్నావని అడగలేదు. పిల్లని ఎత్తుకుంటుంది, వంట చేస్తుంది. ఇంకేం చేస్తుంది?

ఇంకా చాలా చేసిందని ఇప్పుడు తెలుస్తోంది. మంచుతో మనిషి బొమ్మ చేసి దానికి కుంకుమ బొట్టు పెట్టిందట. క్రిస్మస్ చెట్టుకి రంగుకాగితాల గొలుసులు చుట్టిందట. హాట్ చాక్లెట్ రెండో కప్పు అడిగి మరీ తాగేదట. ఇంట్లో నలభై ఏళ్లపాటు నాకేమీ వద్దు అన్న మనిషి. మొన్న తను వీధిలో నడుస్తుంటే ఒక తెల్లావిడ కారు ఆపి, "కుమారీస్ హజ్బెండ్?" అని అడిగి, కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. ఆవిడెవరో కేశవరావుకి తెలియదు. ఆవిడ ఎవరిని తలుచుకుని ఏడ్చిందో, ఆ కుమారి కూడా తెలియదు.

చచ్చిపోయిన పెళ్లాం మీద అసూయపడటం సిగ్గుమాలిన పని. కేశవరావు పడ్డాడు.

క్రిస్మస్ ముందురోజు కాబట్టి తేజేశ్వర్‌కి ఆఫీసు లేదు. బల్ల మీద తండ్రీకూతుళ్లు అల్లం బిస్కెట్లతో ఇల్లు కడుతున్నారు. చక్కెర పాకం లాంటి తెల్లటి ఐసింగే సిమెంటు. కప్పు పెట్టగానే గోడలు పడిపోయాయి.

"డాడీ! యూ ఆర్ ఏన్ ఇంజినీర్!"

"కార్ల ఇంజినీర్‌ని అమ్మా. దీనికి చక్రాలు పెట్టమను, పెడతా."

హాసిని మైదాపిండి ముద్ద తెచ్చి బల్లకి అవతలి పక్క పెట్టింది. ఈ ఇంట్లో శాంటాకి కుకీలు పెట్టరు. బెల్లం పాకం గవ్వలు పెడతారు. ఆ అలవాటు ఎవరు చేశారో కేశవరావు అడగలేదు. అడక్కపోయినా నిధి చెప్పింది.

"శాంటా ఇండియాలో కూడా తిరుగుతాడు కదా, గవ్వలు తెలుసులే అని చెప్పింది అమ్మమ్మ. నువ్వూ చెయ్ తాతయ్యా. ఫోర్క్ వెనకాల పెట్టి, బొటనవేలితో రోల్ చెయ్."

కేశవరావు చిన్న ఉండ తీసుకుని ఫోర్కు మీద నొక్కాడు. అది పల్చగా అతుక్కుపోయింది.

"ఇది గవ్వ కాదు. పొటాటో చిప్," అంది నిధి. "అమ్మమ్మ టూ ఎట్ ఎ టైమ్ చేసేది."

కేశవరావు ఫోర్కు కింద పెట్టేశాడు. జన్మంతా గవ్వలు తిన్నాడు. చేసేటప్పుడు ఎప్పుడూ చూడలేదు.

"నాన్నా, నాలుగింటికి ఈశ్వరయ్యగారు వస్తారు," అంది హాసిని. "అష్టాచెమ్మా ఆడాలి. కిందటేడు అమ్మ పోయిందని ఆడలేదు. ఈసారి ఆడదామని నిధి ఒకటే గొడవ."

ఈశ్వరయ్య పక్కింటి శ్రీధర్ తండ్రి. కరీంనగర్ వైపు మనిషి. భార్య పోయాక కొడుకు దగ్గరే ఉంటున్నాడు. వచ్చిన మర్నాడే కేశవరావుని పలకరించడానికి వచ్చి, "కుమారమ్మ లేని ఇల్లు చిన్నబోయింది సార్," అన్నాడు. ఆ మాట కేశవరావుకి ఇంకా అరగలేదు.

"నేనూ డాడీ ఒక జట్టు," అంది నిధి. "అమ్మమ్మ, ఈశ్వరయ్య తాత ఒక జట్టు. ఆల్వేస్ వాళ్లే గెలిచేవాళ్లు. ఇప్పుడు నువ్వు అమ్మమ్మ ప్లేస్‌లో కూర్చో."

"నాకు రాదు."

"నేర్పిస్తాను."

"ఆయనతో జట్టు నాకొద్దు. ఆయన్ని రావొద్దని చెప్పు హాసినీ."

హాసిని చేతిలో ఉండ చేతిలోనే ఆగిపోయింది. "ఎందుకు?"

"పండగపూట ఇంట్లోవాళ్లు ఉంటే చాలదా? పరాయివాళ్లెందుకు?"

"ఆయన పరాయివాడు కాదు నాన్నా. నిధి పుట్టినప్పట్నుంచీ ఈ ఇంట్లో మనిషే."

నేను కాదన్నమాట, అనుకున్నాడు కేశవరావు. గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

నాలుగింటికి ఈశ్వరయ్య వచ్చాడు. చేతిలో రుమాల్లో మూటగట్టిన ఆట గవ్వలు, తలకి ఉన్ని టోపీ. హాల్లో చెట్టు కింద అట్ట పరిచి ఉంది. పార్సెల్ డబ్బా విప్పి, దాని మీద నల్ల మార్కర్‌తో గళ్లు గీసినది. గీతలు కొంచెం వంకర. అవి కృష్ణకుమారి గీసినవే. ఈ ఇంట్లో ఏ వస్తువు పట్టుకున్నా ఆవిడే.

"రాండ్రి సార్, కూసోండ్రి," అన్నాడు ఈశ్వరయ్య నేల మీద సర్దుకుంటూ. "గిది కుమారమ్మ జాగ. మీరే కూసోవాలె."

కేశవరావు నిలబడే ఉన్నాడు.

"మీ వైపు ఇదేనా ఆచారం?" అన్నాడు.

"ఏం ఆచారం సార్?"

"పరాయివాడి పెళ్లాన్ని పేరు పెట్టి పిలవడం. నేల మీద ఎదురెదురుగా కూర్చుని ఇకిలించడం. ఆడుకోవడానికి మీ ఇంట్లో మనుషుల్లేరా?"

చెట్టు మీది చిన్న లైట్లు వెలిగి ఆరుతున్నాయి. ఈశ్వరయ్య కాసేపు అట్ట వైపే చూశాడు. తర్వాత ఒక చెయ్యి నేలకి ఆనించి, మెల్లగా లేచాడు. రుమాలు తీసుకోలేదు.

"పోతున్న బిడ్డా," అన్నాడు నిధితో. "రేపు గవ్వలు తినెతందుకు వస్తలే."

రేపు కూడా రాడని నిధికి అర్థమైంది. తలుపు మూసుకోగానే ఏడుపు మొదలుపెట్టింది. హాసిని తండ్రి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లింది. పెళ్లయ్యాక ఆమె తండ్రి చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి.

"ఏంటి నాన్నా అది?"

"ఉన్నమాటే అన్నాను."

"ఆయనకి ఎనభై దగ్గర పడింది. అమ్మని చెల్లెల్లా చూశాడు."

"ఎలా చూశాడో నాకు అనవసరం. ఆ మనిషి దగ్గర మీ అమ్మ నవ్విందట కదా, కడుపు పట్టుకుని, వీధంతా వినపడేలా. మీరే చెప్పారు. నా దగ్గర ఏనాడూ అలా నవ్వలేదు."

అనాలనుకోని మాట వచ్చేసింది. హాసిని గొంతు తగ్గింది. కోపం మాత్రం తగ్గలేదు.

"అది ఆయన నేరమా నాన్నా?"

స్టవ్ మీద పాకం పొంగుతోంది. ఆమె వెళ్లి కట్టేసింది.

"ఇక్కడ నా గురించి ఏం చెప్పేది?" అన్నాడు కేశవరావు.

"ఇప్పుడెందుకులే."

"చెప్పు. తిట్టుకునేదా?"

"లేదు. ఏమీ చెప్పేది కాదు. మంచీ లేదు, చెడ్డా లేదు. ఒకసారి నేనే అడిగాను, నాన్న గుర్తుకు రావట్లేదా అని." హాసిని గరిటె వైపు చూస్తూ చెప్పింది. "'అక్కడ రోజూ మీ నాన్నేగా. ఇక్కడైనా కాసేపు నన్ను ఆడుకోనియ్యవే' అంది."

తిట్టి ఉంటే కేశవరావు తట్టుకునేవాడు. తిట్టిన మనిషి మనసులో చోటున్నట్టే లెక్క. ఆవిడ ఆ చోటు కూడా ఇవ్వలేదు. ఇన్నాళ్లూ ఎవరో తన భార్యని తన దగ్గర్నుంచి లాక్కున్నారని మండిపడ్డాడు. ఆవిడ అసలు తన దగ్గర ఎప్పుడుందో గుర్తు తెచ్చుకోబోయాడు. కంచం పెడుతూ ఉంది. కంచం తీస్తూ ఉంది. అంతకు మించి ఏమీ గుర్తు రాలేదు.

కూతురు ఓదార్చలేదు. ఆయన ఓదార్పు అడిగే మనిషీ కాదు. హాల్లోకి నడిచాడు.

నిధి ఏడుపు ఆపేసింది. అట్టని మధ్యకి మడిచి, మోకాలితో తొక్కుతోంది.

"ఎందుకు మడుస్తున్నావ్?"

"నోబడీ ఈజ్ ప్లేయింగ్. లాస్ట్ ఇయర్ లేదు. ఇప్పుడూ లేదు. రీసైక్లింగ్‌లో పడేస్తా."

మడత మీద నల్ల గీత చిట్లింది.

"ఉంచు," అన్నాడు కేశవరావు. "పడెయ్యకు. వస్తాను."

"వేర్ ఆర్ యూ గోయింగ్? తాతయ్యా, షూస్!"

ఆయన ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే బయటికి వెళ్లాడు. కాళ్లు చీలమండల దాకా మంచులో దిగాయి. పక్కింటి గంట నొక్కి నిలబడ్డాడు. తలుపు ఈశ్వరయ్యే తీశాడు. నెత్తి మీద టోపీ ఇంకా అలాగే ఉంది.

"ఏం సార్, ఇంకేమన్న మిగిలిందా తిట్టెతందుకు?"

"లేదు," అన్నాడు కేశవరావు. "పిల్ల ఆట ఆగిపోయింది."

"పిల్ల కోసం వచ్చిన్రా?"

అవునంటే సరిపోయేది. మర్యాదగా గడిచిపోయేది. కేశవరావుకి ఆ మాట నోట్లోంచి రాలేదు.

"కాదు. తప్పుగా మాట్లాడాను. అందుకూ వచ్చాను. ఇంకోటి కూడా ఉంది." ఆయన చెప్పుల వైపు చూసుకున్నాడు. "మా ఆవిడ ఎలా ఆడేదో నాకు తెలీదు. మీకు తెలుసు. చెప్పండి."

ఈశ్వరయ్య ఆయన్ని ఎగాదిగా చూశాడు. పెదవి వంకరపోయింది.

"తొండి ఆడేది సార్."

"ఏంటీ?"

"అవ్ సార్. పచ్చి తొండి. గవ్వలేసి 'అష్టా' అని ఒర్రుతది. మేం చూసేలోపే ఏరేస్తది. పడ్డది మూడే. పిల్ల నిలదీస్తే వెంకన్న మీద ఒట్టు పెడ్తది."

"ఒట్టు కూడానా?"

"రెండు చేతులెత్తి మొక్కి మరీ."

శనివారాలు ఒంటిపూట ఉండే మనిషి. కొట్లో ఒక రూపాయి ఎక్కువ ఇచ్చారని వీధి చివరి దాకా వెళ్లి తిరిగిచ్చిన మనిషి.

"మీరెప్పుడూ పట్టుకోలేదా?"

"నేనెందుకు పట్టుకుంట సార్? నాది ఆమె జట్టే గదా!"

కేశవరావు నవ్వాడు. ఆ నవ్వు ఎక్కడ్నుంచి వచ్చిందో ఆయనకే తెలియదు. తలుపు చట్రం పట్టుకుని నవ్వాడు. అది మధ్యలో విరిగి ఏడుపైంది. శ్మశానం నుంచి పొడికళ్లతో ఇంటికి వచ్చిన మనిషి, పరాయి గుమ్మంలో, చీదుకుంటూ, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఈశ్వరయ్య వద్దనలేదు. భుజం తట్టలేదు. లోపలికెళ్లి బూట్లు వేసుకుని, కొడుకు బూట్లు ఇంకో జత తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

"తొడుక్కోండ్రి. కాళ్లు పోతయ్."

బూట్లు పెద్దవి. కేశవరావు వాటిలోనే కాళ్లు దూర్చాడు. అవతల గుమ్మంలో హాసిని కోటు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె పక్కనుంచి నిధి అరుస్తోంది, అట్టని మళ్లీ సాపు చేశాను, రమ్మని.

"ఇంకేం చేసేది?" అన్నాడు కేశవరావు.

"ఓడిపోతాందనుకో, పాకం మాడుతాందని లేస్తది. పొయ్యి మీద పాకమే ఉండది..."

రెండిళ్ల మధ్య దూరం ఎంతో లేదు. ఆయన చెప్పడం అప్పుడే అయిపోకూడదని, కేశవరావు మంచులో నెమ్మదిగా నడిచాడు.