వేలు ఆగిన వచనం

లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. లోపల ఉన్నది ఒక్కతే. కళ్ళద్దాల షాపులో పనిచేసే అమ్మాయి. చేతిలో కొత్త లెన్సుల పెట్టె, భుజాన సంచి, ఆ సంచిలో అరచేతిలో ఇమిడేంత బైబిలు.

బటన్లన్నీ నొక్కి చూసింది. తలుపు మీద కొట్టింది. ఎవరూ పలకలేదు. అప్పుడిక ఏ చిక్కు వచ్చినా తను చేసే పనే చేసింది. కళ్ళు గట్టిగా మూసుకుని, బైబిలు ఎక్కడో ఒకచోట తెరిచి, పుట మీద వేలు పెట్టి, కళ్ళు తెరిచింది.

వేలు పడిన చోట యోనా ప్రవక్త చేప కడుపులో ఉన్నాడు.

"అయ్యో దేవుడా!" అని పైకే అనేసింది.

"దేవుణ్ణి కాదండీ, మెకానిక్‌ని," అంది పైనుంచి ఒక మగ గొంతు. "కంగారు పడకండి. పెద్ద జబ్బేం కాదు. తలుపు దగ్గర స్విచ్ ఒకటి మొండికేసింది. లోపల గాలి ఆడుతోందా?"

"ఆడుతోంది. ఎంతసేపు పడుతుంది?"

"కాసేపే."

"ఆయన మూడు రోజులున్నాడు."

"ఎవరండీ?"

"యోనా. చేప కడుపులో."

పైన స్పానర్ చప్పుడు ఆగింది. ఆ తర్వాత గొంతులో నవ్వు వినిపించింది. "ఆ చేపే ఆయన్ని తీసుకొచ్చి ఒడ్డున కక్కింది కదండీ. ఆ ముక్క చదవలేదా?"

"నా వేలు అంతవరకూ పోలేదు," అంది ఆమె కోపంగా.

తలుపు కొంచెం తెరుచుకుంది. ముందు బూట్లు కనిపించాయి, తర్వాత గ్రీజు చెయ్యి, ఆ తర్వాత ముక్కు మీద నల్లమచ్చ ఉన్న మొహం.

"ముందు ఆ పెట్టె ఇలా ఇవ్వండి. గాజు సామానులా ఉంది."

"మనిషి తర్వాతా?"

"మనిషి పగలదు కదండీ. అందులోనూ మీరు అసలే పగలరు."

చెయ్యి పట్టుకుని పైకి ఎక్కింది గానీ, థాంక్స్ చెప్పలేదు. షాపులోకి వెళ్ళి అద్దంలో చూసుకుంటే తన ముక్కు మీద కూడా గ్రీజు ఉంది. అది ఎప్పుడు అంటిందో ఎంత ఆలోచించినా తెలియలేదు.

మూడో అంతస్తులోని ఆ షాపు ఆమె మేనత్తది. అమ్మానాన్నలు పోయాక ఆ పిల్లను పెంచిందీ, చదివించిందీ, లెన్సు అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టడం నేర్పిందీ ఆ అత్తే. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. మాట్లాడుకుంటే మాత్రం పోట్లాడుకుంటున్నట్టే ఉంటుంది.

ఆ రోజు నుంచి లిఫ్టుకు జబ్బులు ఎక్కువయ్యాయి. ఓ రోజు తలుపు కీచుమంటోందన్నాడు మెకానిక్, ఇంకో రోజు లైటు మిణుకుమంటోందన్నాడు. ప్రతిసారీ మూడో అంతస్తులోనే పరీక్ష.

"ఈ లిఫ్టుకేదో కుర్రజ్వరం పట్టుకుందే పిల్లా," అంది అత్త, ఫ్రేములు తుడుస్తూ.

"నాకేం తెలుసత్తా?"

"నీకు తెలియకపోతే నీ చెవులెందుకు ఎర్రబడ్డాయి?"

వేలు పెట్టి చూసే అలవాటు ఆ పిల్లకు ఊరికే రాలేదు. ఒకప్పుడు నర్సు కోర్సులో చేరాలా, అత్త షాపులో ఉండాలా అని తేల్చుకోలేక ఏడుస్తుంటే, దారి పక్కన కూర్చున్న గుడ్డివాడికి చూపు వచ్చిన చోట వేలు పడింది. ఇంకేముంది, షాపులో చేరింది, బాగుపడింది. అప్పటినుంచి చిన్నదానికీ పెద్దదానికీ అదే పద్ధతి. ఒకసారి గొడుగు పట్టుకెళ్ళాలా అని అడిగితే నోవహు జలప్రళయం వచ్చింది. మండుటెండలో రోజంతా గొడుగు మోసింది.

ఆ సంగతి విని అతను మెట్ల మీద కూలబడి మరీ నవ్వాడు.

"మీరు నవ్వండి! మీకు దేవుడి మాటంటే లెక్కలేదు."

"ఎందుకు లేదు? నేనూ చదువుతాను. రోజూ పొద్దున టీ తాగుతూ ఒక అధ్యాయం. మొదటినుంచీ, వరసగా. పేర్ల పట్టీలొచ్చినప్పుడు టీ చల్లారిపోతుంది, అయినా వదలను."

"వరసగా చదివితే మనకు కావలసిన మాట ఎప్పటికి దొరకాలి?"

"లిఫ్టు మాన్యువల్ మధ్యలో తెరిచి, కళ్ళు మూసుకుని ఒక లైను ఏరి, దాన్ని బట్టి రిపేరు చేశాననుకోండి. మీరు ఆ లిఫ్టు ఎక్కుతారా?"

ఆమె సంచి గట్టిగా దగ్గరికి లాక్కుంది.

అతను నవ్వు మానేసి నెమ్మదిగా చెప్పాడు. "నా మొదటి ఉద్యోగం పోయినప్పుడు ఇంట్లో ముఖం చూపించలేక పార్కు బెంచీ మీద కూర్చునేవాణ్ణి. రేపటి గురించి బెంగ పెట్టుకోవద్దు, రేపటి సంగతి రేపే చూసుకుంటుంది అన్న మాట దగ్గరికి సరిగ్గా ఆ వారమే వచ్చాను. నేను వెతకలేదండీ. దారిన నడుస్తూ పోతుంటే బావి తగిలినట్టు తగిలింది. మర్నాడు లేచి పని వెతుక్కున్నాను."

ఆ పూట ఆమె రెండు జతల లెన్సులు ఒకదాని ఫ్రేములో ఒకటి పెట్టేసింది. అత్త చూసి సరిచేసింది.

వాన పట్టుకున్న ఒక సాయంత్రం ఇద్దరూ బిల్డింగు గుమ్మంలో చూరు కింద నిలబడ్డారు. చినుకులు మెట్ల మీద పడి ఆమె పాదాల దాకా చిమ్ముతున్నాయి. అతను ఏదో చెప్పబోయి, దగ్గి, వాన వైపు చూసి, మళ్ళీ దగ్గాడు.

"జలుబా?" అంది.

"కాదండీ, ధైర్యం. ఇంకా రావట్లేదు."

"వానలో తడిస్తే వస్తుందేమో చూడండి."

"రైల్లో ఒక పూట దూరంలో కొత్త ఆసుపత్రి కట్టారు. అక్కడి లిఫ్టులన్నీ నన్ను చూసుకోమంటున్నారు. శనివారం నా జవాబు చెప్పాలి. మీరు నన్ను చేసుకుంటానంటే, వెళ్ళాలా వద్దా అన్నది ఇద్దరం కూర్చుని ఆలోచించుకుందాం. వద్దంటే వెళ్ళిపోతాను. రోజూ మూడో అంతస్తులో మీరుండగా, నేను లిఫ్టు మాత్రమే చూసి పోవడం నావల్ల కాదు."

 అవుననే మాట ఆమె నాలుక చివరి దాకా వచ్చింది. అక్కడే అత్త గుర్తొచ్చింది. తను వెళ్ళిపోతే ఒక్కతే వంట చేసుకుని, ఒక్కతే తిని, ఎవరితోనూ పోట్లాడకుండా పడుకునే అత్త.

"రేపు చెబుతాను," అని మెట్లెక్కి పారిపోయింది.

షాపులో మూల స్టూలు మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. బైబిలు తెరిచి వేలు పెట్టింది. పౌలు, బర్నబా అని ఇద్దరు స్నేహితులు. ఎన్నో ఊళ్ళు కలిసి తిరిగినవాళ్ళు. గట్టిగా మాటామాటా పెరిగి, ఒకరినొకరు విడిచి చెరో దారిన వెళ్ళిపోయారు. వేలు సరిగ్గా ఆ వాక్యం మీదే ఉంది.

అక్కడే గుర్తు రిబ్బన్ పెట్టి మూసేసింది.

మర్నాడు పొద్దున లిఫ్టు దగ్గర చెప్పింది. "మనం విడిపోవాలని వచ్చిందండీ."

అతని మొహం పాలిపోయింది. "ఇది మీ జవాబా, మీ వేలి జవాబా?"

"రెండూ ఒకటే."

"ఒకటి కాదు. ఆ వేలికి ఉంగరం తొడగాలనుకున్నాను గానీ, దాంతో తగువు పడాల్సి వస్తుందనుకోలేదు." టూల్ బ్యాగు భుజాన వేసుకున్నాడు. "మీకు నేను నచ్చలేదంటే ఒప్పుకుంటాను. ఆ మాట అనండి."

ఆమె అనలేకపోయింది. అతను మెట్లు దిగి వెళ్ళిపోయాడు. లిఫ్టు బాగానే ఉంది, అయినా ఎక్కలేదు.

శుక్రవారం మధ్యాహ్నం షాపుకు ఒక నర్సమ్మగారు వచ్చారు. ఉద్యోగం నుంచి రిటైరై చాలాకాలమైంది. శుక్లాల ఆపరేషన్ అయ్యాక కొత్త అద్దాలు పెట్టుకోవడానికొచ్చారు. పిల్ల ఆవిడకు అచ్చు అక్షరాల కార్డు అందించింది.

"ఈ కార్డులో ముక్కలు ఎవరిక్కావాలమ్మా? నాకు బైబిలు కనబడాలి. నీ దగ్గరుందా?"

పిల్ల సంచిలోంచి తీసి ఇచ్చింది. రిబ్బన్ ఉన్న చోటే తెరుచుకుంది. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని పుట మీదికి వంగారు. పెదవులు కదిలాయి. ఒక్కసారిగా గొంతు లేచింది.

"కనబడుతోందమ్మా! చీమ తలకాయంత అక్షరాలు కూడా కనబడుతున్నాయి!" అని పైకి చదవడం మొదలెట్టారు. ఎన్ని నెలల ఆకలో ఏమో, ఆపడం లేదు. ఇద్దరు స్నేహితులూ విడిపోయే చోటుకు వచ్చేశారు.

"చాలండి, పవర్ సరిపోయింది," అంది పిల్ల. ఆ చోటు వినడం ఆమెకు కష్టంగా ఉంది.

"చాలడమేంటి? తగువు దగ్గర ఆపేస్తారా ఎవరైనా? వీళ్ళు విడిపోయింది మార్కు అనే కుర్రాడి గురించి. అంతకుముందు సగం దారిలో వదిలేసి పోయాడని పౌలుకు వాడి మీద కోపం. వెంట తీసుకెళ్ళనంటే తీసుకెళ్ళనన్నాడు. ఆ తర్వాత ఏమైందో చూడు." ఆవిడ గబగబా పుటలు తిప్పారు. "ఇదిగో. పౌలు ముసలివాడయ్యాడు. జైల్లో ఉన్నాడు. దగ్గర తోడు ఒక్కడే మిగిలాడు. అప్పుడు ఉత్తరం రాస్తూ ఏమంటున్నాడో తెలుసా? వచ్చేటప్పుడు మార్కును వెంటబెట్టుకుని రా, అతను నాకు పనికొస్తాడు అంటున్నాడు. ఆ మార్కునే!"

పిల్ల పుస్తకం చేతిలోకి తీసుకుంది. తనే చదువుకుంది. అక్షరాలు అలుక్కుపోయాయి. లెన్సు తప్పు కాదది.

నర్సమ్మగారు వెళ్ళాక అత్త దగ్గరికి వచ్చింది. "ఇప్పుడు చెప్పు. మూడు రోజులుగా ఉప్పు లేని కూరలు తినిపిస్తున్నావు. ఏమైంది?"

చెప్పేసింది. వాన సంగతి, వేలు సంగతి, అత్త ఒంటరిదైపోతుందన్న బెంగ, అన్నీ.

అత్త నవ్వింది. "నన్ను ఒంటరిదాన్ని అని నీకెవరు చెప్పారే? మీ మామయ్య పోయేనాటికి నువ్వు పుట్టనేలేదు. ఆ రోజుల్లో రాత్రికి ఒక కీర్తన చదువుకుని, పొద్దున్నే లేచి, ఈ షాపు పెట్టినదాన్ని. ఆ మాటలు నన్ను లేపి నిలబెట్టాయి గానీ, నా బదులు షాపు తెరవలేదు. తెరిచింది నేనే."

"మరి దేవుడు ఏం చెబుతున్నాడో ఎలా తెలుస్తుందత్తా?"

"ఆయన మాట కాళ్ళకు దీపం అని నీకు చిన్నప్పుడే నేర్పాను కదా. దీపం పట్టుకుంటే దారి కనబడుతుంది. నడవాల్సింది మాత్రం కాళ్ళే. నీకు భయమేసింది. ఆ భయం పేరు చెప్పలేక దేవుడి పేరు చెప్పావు. ఆయనకు అలవాటేలే, ఏమనుకోడు. ఆ కుర్రాడు అనుకుని ఉంటాడు."

ఆ సాయంత్రం ఆ పిల్ల కళ్ళు తెరుచుకుని చదివింది. ప్రేమంటే ఎలా ఉంటుందో చెప్పే అధ్యాయం మొదటి మాట నుంచి చివరి మాట దాకా. ఓర్పు ఉంటుందట. గొప్పలు చెప్పుకోదట. పంతం పట్టదట. చదివిన ప్రతి మాట దగ్గరా ముక్కు మీద నల్లమచ్చ ఉన్న మొహమే కనిపించింది. పంతం పట్టదన్న చోట మాత్రం తన మొహం కనిపించి సిగ్గుపడింది. వేరేచోట, నిండు ప్రేమలో భయానికి చోటుండదని ఉంది. పుస్తకం మూసి హాయిగా నిద్రపోయింది.

శనివారం పొద్దున్నే అతను పనిచేసే షెడ్డుకు వెళ్ళింది. అతను మోటారు విప్పి ముందేసుకుని కూర్చున్నాడు. ఆమెను చూసి లేచాడు, చేతిలో నట్టు కిందపడి దొర్లింది.

"జవాబు చెప్పేశారా?" అంది ఊపిరి బిగబట్టి.

"ఇంకా లేదు. పదింటికి ఫోన్ చెయ్యాలి."

"నేను మిమ్మల్ని చేసుకుంటాను. ఇప్పుడు కూర్చుని ఆలోచించుకుందాం, వెళ్ళాలా వద్దా అని."

అతను కిందపడ్డ నట్టు ఏరుకున్నాడు. "ఈసారి ఎక్కడ పడిందండీ వేలు?"

"వేలిని అడగలేదు. నేను చదివాను, నేను ప్రార్థన చేసుకున్నాను, నేనే నిర్ణయించుకున్నాను. ఆ రోజు మీతో అన్నది నా భయం. దేవుడి మాట కాదు. క్షమించండి."

"ఎంతవరకు చదివారు?"

"మీరు కనబడేంతవరకు."

గ్రీజు చేతులు చాచబోయి, చూసుకుని, వెనక్కి పెట్టుకున్నాడు. ఆమె ఆ చేతులు రెండూ పట్టుకుంది. పక్కన వెల్డింగ్ చేస్తున్న మనిషి ముసుగు పైకెత్తి చూసి, మర్యాదగా మళ్ళీ దించుకున్నాడు.

ఆలోచన ఎంతోసేపు పట్టలేదు. పది కాకముందే ఇద్దరూ షాపుకు వచ్చారు.

"అత్తయ్యగారూ," అన్నాడతను గుమ్మంలోనే.

"ఎవరికి అత్తయ్యని?" అంది అత్త తల ఎత్తకుండా.

"ఇంకా కాలేదండీ. అడగడానికే వచ్చాను."

"ముక్కు తుడుచుకుని అడుగు."

తుడుచుకున్నాడు. మచ్చ చెంప దాకా పాకింది. అత్త నవ్వాపుకోలేక కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

"ఆ ఆసుపత్రిలో కళ్ళ డాక్టరున్నాడా?"

"ఉన్నాడండీ."

"కళ్ళద్దాల షాపుందా?"

"అది చూడలేదండీ."

"అక్కడి జనానికి చూపు అక్కర్లేదా? వెళ్ళి ముందు ఒక గది చూడు. దీనికి పని లేకపోతే నిన్ను వేపుకు తింటుంది. నెలకోసారి నేను రైలెక్కి వచ్చి లెక్క చూసుకుంటాను, దీంతో పోట్లాడుకుంటాను, వెళ్తాను. ఇప్పుడు ఫోన్ చెయ్యి."

అతను అక్కడే నిలబడి ఫోన్ చేశాడు. వస్తానన్నాడు, ఒక్కణ్ణి కాదన్నాడు.

అత్త ఇద్దరినీ దగ్గరికి పిలిచి, చెరో తల మీద చెయ్యి పెట్టింది. "ప్రభువా, ఈ పిల్లను నువ్వే నా చేతికిచ్చావు," అని గట్టిగానే మొదలుపెట్టింది. రెండో మాటకు వెళ్ళలేక ఆగిపోయింది. తల మీద చెయ్యి మాత్రం తీయలేదు.

ఆ పిల్ల అత్త చేతి మీద తన చెయ్యి వేసింది. ఇంతకాలం ఆమె పైకి ప్రార్థన చేసింది లేదు. ఎవరైనా చేస్తే తల వంచుకునేది, అంతే.

"ప్రభువా," అంది తడబడకుండా, "మా అత్తను చల్లగా చూడు. ఈయనకు ఓపిక ఇంకాస్త ఇవ్వు, నాతో చాలా కావాలి. మేం వెళ్ళే దారి మాకు పూర్తిగా తెలియదు. నువ్వు వెంట ఉన్నావని తెలుసు. అది చాలు, బయలుదేరతాం."

"ఆమేన్," అన్నాడతను, షాపంతా వినబడేలా.