నాంచారమ్మ చెప్పిన అంకె

భూషణం తొడుగు విప్పి, వేళ్లు దులుపుకుని, "ఎనిమిది" అన్నాడు. మందు కొలవడం నేర్చుకుంటున్న యంత్రం, మాపకం, ఆ అంకె రాసుకుంది. ఆ తొడుగు గుండా పన్నెండు సెకన్ల పాటు నాంచారమ్మ భుజంలోని నొప్పి అతని భుజంలో ఉంది, ఇప్పుడు లేదు. పదకొండేళ్లుగా అతను రోగుల నొప్పిని ఇలా తన ఒంట్లోకి తీసుకుని తూచే తూనికదారు. తొడుగు తీశాక ఒంటికి వచ్చే తేలిక కోసమైనా ఈ ఉద్యోగం చేయొచ్చని అప్పుడప్పుడూ అనుకుంటాడు.

తర్వాత రోగి మాట. అడగవలసింది ఒక్కటే ప్రశ్న, అందరినీ ఒకే గొంతుతో: సున్నా నుంచి పది దాకా ఎంత?

"రెండండి" అంది నాంచారమ్మ. రొయ్యల షెడ్డులో తలలు తీసే మనిషి. నిన్ననే భుజానికి ఆపరేషన్ అయింది. పై పెదవి మీద చెమట నిలిచి ఉంది.

తొడుగుకీ మాటకీ తేడా వస్తే మాటే గెలుస్తుంది. ఒకప్పుడు రోగుల మాట ఎవరూ నమ్మేవారు కాదని, డాక్టర్ ఇందుమతి పోట్లాడి పెట్టించిన నిబంధన అది. మంచి నిబంధనే. కానీ రెండుకి మందు చుక్క రాలదు. పైగా ఈ పరిశోధనలో నాంచారమ్మే చివరి రోగి. నాలుగింటికి మాపకానికి ఆమోద ముద్ర పడుతుంది. రేపటి నుంచి జిల్లా ఆసుపత్రులన్నిటిలో తూనికదారులు లేకుండా మందు అదే కొలుస్తుంది. ఇలా చెమట పట్టిన ఒంటిని రెండు అనుకోవడం ఈరోజు నేర్చుకుంటుంది.

భూషణం ఆమె మోచేతి కింద దిండు సర్ది, ఇంకేమైనా కావాలా అని అడిగాడు. ఆమె మంచాల మీదుగా పోయే మందు గొట్టం వైపు చూసి, గొంతు తగ్గించింది.

"మా వీధి కుళాయి లాంటిదే కదండీ. ముందోళ్లు పట్టేసుకుంటే చివరోళ్లకి రాదు. ఆ కొసన కాలు విరిగిన పిల్లుందండి."

గొట్టం ఒకటే, కానీ మందు ఎవరిది వారికే. ఆ సంగతి చెప్పకూడదు. మందు గురించి చెబితే రోగి మాట చెల్లదు. భూషణం ఆ కొసన ఉన్న పిల్ల వైపు చూశాడు. తర్వాత నిబంధనలో లేని ప్రశ్న అడిగాడు.

"మీ నొప్పే ఆ పిల్లకొస్తే, ఎంత చెప్పమంటారు?"

"ఎనిమిది చెప్పమంటానండి. తొమ్మిదన్నా తప్పులేదు. ఇది పిల్లలు పడేది కాదు."

రోగి మాట దగ్గర ఎనిమిది వేశాడు. మందు పడింది. కాసేపటికి నాంచారమ్మ దవడ సడలి, కళ్లు మూతపడ్డాయి.

మాపకం తెర మీద రాసింది: నిబంధనలో లేని ప్రశ్న. ఈ మాట కొట్టివేయాలా, ఉంచాలా? ఉంచితే పాత పదకొండు వందల నలభై మాటలూ అనుమానించాలి.

డాక్టర్ ఇందుమతి వచ్చి చదివింది. మూడేళ్ల పని అని గుర్తుచేసింది. "కొట్టెయ్యండి భూషణంగారూ. మందు పడింది, ఆవిడకేం నష్టం లేదు."

"ఆవిడకి లేదు మేడమ్. ఇలా రెండన్నవాళ్లు ఇంకెంతమందో."

ఆమె తెర వైపు తిరిగి మళ్లీ చదివింది. ఆపుతుందేమోనని ఒక్క క్షణం ఆగి, భూషణం 'ఉంచు' నొక్కాడు. నాలుగింటి ముద్ర రద్దయిందని గంట మోగింది. తెర మీద మొదటి రోగి నుంచి ఒక్కో అంకె అనుమానపు గుర్తుగా ఎర్రబడుతూ వచ్చింది.

డాక్టర్ ఇందుమతి స్టూలు లాక్కుని కూర్చుంది. రెండు అన్నవాళ్లను వేలితో చూపుతూ లెక్కపెట్టసాగింది.