కొల్లేరు లైట్లు కనపడాలి

“ఈ పని నీకే ఎందుకు ఇస్తున్నానో తెలుసా?” అన్నాడు చీఫ్ అచ్యుతరావు.

ఏజెంట్ జావీద్‌కు తెలుసు. ఏలూరు పవర్‌పేటలో కుట్టుమిషన్ల షాపు పైగది అది. టేబుల్ మీద చిన్న స్పీకర్ లోంచి చనిపోయిన పైలట్ గొంతు వినిపిస్తోంది.

“కొల్లేరు లైట్లు కనపడాలి కదండీ... ఏవీ?”

తర్వాత ఏమీ లేదు. పైలట్ హేమంత్‌కుమార్, ఇద్దరు ప్రయాణికులు నెల క్రితం రాత్రిపూట పోలవరం అవతలి కొండను గుద్దుకున్నారు. విదేశీ ముఠా ఒకటి దొంగ జీపీఎస్ సిగ్నల్ పంపి ఆ ప్రైవేటు విమానాన్ని దారి తప్పించింది. ఆ పరికరం ఉన్న ఐసు లారీని జావీద్ ఆ రాత్రే తాడేపల్లిగూడెం శివార్లలో పట్టేశాడు కూడా. ముఠాలో ఉంటూ మనకు పనిచేసే ఆలియా, వెంటనే ఆపేయమంది. “వీళ్ళ నాయకుడు వస్తాడు, పట్టుకుందాం, పది నిమిషాలు ఆగండి” అన్నాడు జావీద్. నాయకుడు రాలేదు. కొండ వచ్చింది. ఆ గొడవలో లారీ కూడా జారుకుంది.

పెంటపాడులో ఆ పైలట్ తల్లి శేషారత్నం ఇంటికి మూడుసార్లు బయల్దేరాడు జావీద్. మూడుసార్లూ వీధి మొదట్లోంచే వెనక్కి వచ్చాడు. గూఢచారికి అంత పిరికితనం ఉంటుందని ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు.

“ఇవాళ రాత్రి ఏడుగురు రక్షణ శాస్త్రవేత్తలు విమానంలో వస్తున్నారు. పరికరం ఆకివీడు చేపల చెరువుల్లో ఎక్కడో ఉంది. ముఠావాళ్ళు ఆలియా ఫోన్ లాగేసుకున్నారు. వెళ్ళు” అన్నాడు చీఫ్.

తెల్లవారుజామున మూడున్నర. చేపల డాక్టరు వేషంలో గట్ల మీద పరిగెడుతున్నాడు జావీద్. చేతిలో నీళ్ళ ఆక్సిజన్ కొలిచే మీటరు, లోపల సిగ్నల్ పసిగట్టే యంత్రం. చెవిలో ఇవాళ్టి విమానం పైలట్ మాటలు; వినబడతాయి గానీ తిరిగి మాట్లాడే దారి లేదు. మీటరు ముల్లు అన్ని దిక్కులకీ ఊగుతోంది. దేనికీ పనికిరాదు.

“ఏవండీ డాక్టరు గారూ!” పక్క చెరువు రైతు హనుమంతరావు టార్చి ఊపాడు. “కాస్త ఆ అవతలి చెరువు వాళ్ళకి చెప్పండి. పగలంతా మబ్బేసిందా, గాలి చాలక చేపలన్నీ నోళ్ళు తెరుచుకుని పైకి తేలాయండి. ఏరేటర్లు వేసుకోరేవండీ? జనరేటర్ నడుస్తానే ఉందాయె!”

జావీద్ ఆగి విన్నాడు. ఎటు చూసినా నీళ్ళు చిలికే ఏరేటర్ల హోరు. ఒక్క చెరువు మాత్రం నిశ్శబ్దంగా ఉంది. మోటార్లు తిరిగితే సిగ్నల్ చెడుతుందని ఆపేసి ఉంటారు. చేపల్ని పెంచిన వాడెవడూ ఈ వేళ ఆ పని చెయ్యడు.

గట్టు మీది షెడ్డు ముందు కాపలావాణ్ణి ఒక్క దెబ్బకి పడగొట్టి లోపలికి దూకాడు. లాప్‌టాప్ ముందు ఆలియా. ఎవరికో స్వాగతం చెప్పేలా పట్టుచీర, ముత్యాల హారం, చేతిలో పిస్తోలు.

“ముట్టుకోకండి. నాయకుడు దారిలో ఉన్నాడు. సిగ్నల్ ఆగితే వెనక్కి తిరుగుతాడు. పది నిమిషాలు ఆగండి.”

“ఆ మాట నాదండీ.”

“అవును మీదే! ముగ్గురు చచ్చిపోయారు. వీణ్ణి వదిలేస్తే వాళ్ళెందుకు చచ్చినట్టు?”

చెవిలో పైలట్ అంటున్నాడు: “కొల్లేరు మీదున్నామనే చూపిస్తోందండీ. కింద ఒక్క లైటు లేదు. దిగుతున్నాం.”

జావీద్ ఇయర్‌ఫోన్ తీసి ఆమె చెవికి ఆనించాడు.

ఆలియా నాలుగు సెకన్లు విన్నది. పిస్తోలు దించింది. జావీద్ పరికరం కేబుల్ ఊడబీకాడు.

“కొండ! ఎదురుగా కొండ!” పైలట్ అరిచాడు. తర్వాత ఇంజన్ల గర్జన. ఇద్దరూ ఇయర్‌ఫోన్‌కు చెవులు ఆనించారు. చాలాసేపటికి, “దాటేశాం. వెనక్కి తిరిగాం... దూరంగా ఏవో లైట్లు. కొల్లేరే అనుకుంటానండీ.”

జావీద్ బయటికొచ్చి ఏరేటర్ల స్విచ్చి వేశాడు. గట్టు మీంచి హనుమంతరావు చెయ్యెత్తి దండం పెట్టాడు. ఆ దండం తీసుకోవడానికి జావీద్‌కు సిగ్గేసింది.

చీఫ్ ఫోన్ చేశాడు. “నాయకుడు గణపవరం దగ్గర కారు తిప్పేసుకున్నాడు. రిపోర్టులో ఏం రాయమంటావు?”

“చేపలు బతికాయని రాయండి సార్.”

తెల్లారుతోంది. జావీద్ మొహం కడుక్కుని, డాక్టరు కోటు విప్పి బండి మీద వేశాడు.

“ఎక్కడికి?” అంది ఆలియా.

“పెంటపాడు. ఆ రాత్రి ఏం జరిగిందో శేషారత్నం గారికి చెప్పాలి.”

“ఈసారి ఏ వేషం?”

“ఏ వేషమూ లేదండీ. అందుకే ఇంత భయం.”